ఒకే బొమ్మల నవలని పదకొండోసారి చదువుతున్న ఆరో తరగతి పిల్లకి ఇంకేం ఇవ్వొచ్చు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ అమ్మాయికి పదకొండేళ్ళు, ఇక్కడ అమెరికాలో ఆరో తరగతి. రెండేళ్ళ కిందటి దాకా లావుపాటి నవలలు చదివేది. ఇప్పుడు స్కూలు, స్నేహితులు, ఇంట్లో గొడవలు, వీటి మీద వచ్చే గ్రాఫిక్ నవలలు తప్ప ఇంకేమీ ముట్టుకోవడం లేదు. అందులోనూ ‘స్మైల్’ అనే ఒక్కదాన్నే పదకొండోసారి చదువుతోంది. ఇది వెనకడుగా, మాన్పించాలా, అక్కర్లేదంటే ఆ కోవలో ఇంకేం ఇవ్వొచ్చు అని అడిగారు.

మాన్పించకండి. ఆ పదకొండోసారిలో ఆ పిల్ల చేస్తున్న పని చాలా ఉంది. అదేంటో ముందు చెప్పి, తరవాత పుస్తకాల దగ్గరికి వస్తాను.

నేను ఒక మిడిల్ స్కూల్ లైబ్రరీలో పదహారేళ్ళుగా పనిచేస్తున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు, అంటే పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు. ఏటా వేసవి సెలవుల ముందు పుస్తకాల లెక్క చూసేటప్పుడు అట్టలు ఊడినవీ, వెన్ను విరిగినవీ ఒక పక్కన పెడతాం. ఆ గుట్టలో ఎప్పుడూ ఎక్కువ ఉండేవి ఇవే: పిల్లల మామూలు బతుకు గురించిన బొమ్మల నవలలు. వీరుల కామిక్స్ కంటే, జపాన్ మాంగా కంటే కూడా ఇవే ముందు అరిగిపోతాయి.

‘స్మైల్’ 2010లో వచ్చింది. రైనా టెల్గెమైయర్ తన సొంత కథనే బొమ్మల్లో చెప్పుకున్నారు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఆరో తరగతి చదివే పిల్ల గర్ల్ స్కౌట్స్ మీటింగు నుంచి ఇంటికొస్తూ, స్నేహితురాళ్ళ వెంట పరిగెత్తి బోర్లా పడుతుంది. ముందు పళ్ళు రెండూ పోతాయి. ఒకటి ఊడొస్తుంది, ఇంకోటి చిగుట్లోకి దిగిపోతుంది. అక్కణ్ణించి ఏళ్ళ తరబడి ఆపరేషన్లు, క్లిప్పులు, తలకి కట్టుకునే హెడ్‌గేర్, పెట్టుడు పళ్ళు. మధ్యలో 1989 భూకంపం కూడా వస్తుంది. పైకి చూస్తే పళ్ళ కథ. లోపల ఉన్నది స్నేహితుల కథ. ఎప్పటినుంచో కూడా తిరిగే పిల్లలే సరదా పేరుతో ఆ అమ్మాయిని కొద్దికొద్దిగా గుచ్చుతుంటారు. తను నవ్వేసి ఊరుకుంటుంది. హైస్కూల్లోకి వచ్చాక ఒకరోజు ఇక చాలనిపించి వాళ్ళని వదిలేసి వెళ్ళిపోతుంది.

ఇప్పుడు మీ అమ్మాయి ఉన్నచోట నుంచి చూడండి. ఇక్కడ చాలా స్కూళ్ళలో ఐదో తరగతి దాకా ఒకే గది, ఒకే టీచరు. ఆరులోకి రాగానే పీరియడ్‌కో గది, లాకరు, వేరే స్కూళ్ళ నుంచి వచ్చి కలిసిన కొత్త పిల్లలు. మధ్యాహ్నం ఏ బల్ల దగ్గర కూర్చోవాలన్నదే రోజూ ఒక పరీక్ష. ఆ వయసులో తమకి ఏదో జరుగుతోందని పిల్లలకి తెలుస్తుంది. దాన్ని చెప్పడానికి మాట మాత్రం దొరకదు. ‘వాళ్ళు నన్నేమీ అనలేదు, కానీ ఏదో అన్నారు’ అన్నట్టుంటుంది. సాయంత్రం మీరు ‘స్కూలెలా ఉందమ్మా’ అంటే ‘బానే ఉంది’ అని గదిలోకి వెళ్ళిపోయేది అందుకే.

అక్షరాల నవలలో రచయిత ‘ఆమె మనసు చివుక్కుమంది’ అని రాసేస్తారు. బొమ్మల నవలలో ఆ వాక్యం ఉండదు. ఒక గడిలో పిల్ల నవ్వుతుంటుంది. పక్క గడిలో నోరు నవ్వుతూనే ఉంటుంది గానీ కళ్ళు పక్కకి తిరిగిపోయి ఉంటాయి. ఆ రెండు గడుల మధ్య తెల్లటి సందులో ఏం జరిగిందో చదివేవాళ్ళే పూరించుకోవాలి. మొదటిసారి అందరూ కథ కోసం పేజీలు తిప్పేస్తారు. మూడోసారికి ఎవరు ఎవరివైపు చూస్తున్నారో, గుంపులో ఒక అడుగు వెనక ఎవరు నిలబడ్డారో కనబడుతుంది. ఏడోసారికి, ‘అరె, ఈ అమ్మాయి మొదటి పేజీల్లోనే ఇలా చూసింది కదా’ అని తెలుస్తుంది. మొహాలు చదవడం, మౌనాన్ని చదవడం అంటే ఇదే. రేపు లంచ్ బల్ల దగ్గర ఆ పిల్లకి అక్కరకొచ్చే చదువు ఇది.

దీన్ని నాకు బాగా అర్థమయ్యేలా చేసింది ఒక నాయనమ్మ. మా స్కూల్లో చదివిన ఒక తెలుగు పిల్లని సాయంత్రాలు ఆవిడే తీసుకెళ్ళడానికి వచ్చేవారు, తెనాలి వైపు మనిషి. ఇంగ్లీషు అక్షరం రాదు. మనవరాలు ‘స్మైల్’ తిరగేస్తుంటే పక్కన కూర్చుని చూస్తూ, ఒక పేజీ దగ్గర చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. ‘ఈ జుట్టు పిల్ల మంచిది కాదే, చూడు ఎట్టా చూస్తందో’ అన్నారు. మనవరాలు తలెత్తి ‘నీకెలా తెలిసింది నాయనమ్మా?’ అంది. పుస్తకంలో ఆ సంగతి బయటపడటానికి ఇంకా చాలా పేజీలు ఉన్నాయి. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి లైబ్రరీ మూసేదాకా చదివారు. ఒకరు మాటలు చదివి చెప్తుంటే, ఇంకొకరు మొహాలు చదివి చెప్పారు.

బొమ్మల పుస్తకమంటే చిన్నపిల్లలదని మనకి అనిపించడానికి కారణం ఉంది. మనం పెరిగింది 1947లో మొదలైన చందమామతోనూ, 1967లో మొదలైన అమర్ చిత్ర కథతోనూ. నేను వాటిని ప్రేమగా చదివినదాన్నే, ఇప్పటికీ బొమ్మలు కళ్ళముందు కనబడతాయి. కానీ అవి రాజులవీ, రాక్షసులవీ, మహానుభావులవీ కథలు. పిల్లలకి తెలియాలని పెద్దలు ఎంచి చెప్పినవి. పరీక్ష తప్పిన పిల్లాడు ఆ రాత్రి ఏమనుకున్నాడో, స్నేహితురాలు పుట్టినరోజుకి పిలవకపోతే ఎలా ఉంటుందో వాటిలో ఉండదు, వాటి పని అది కాదు కూడా. అందుకని ఎనిమిదో తరగతి పిల్ల చేతిలో బొమ్మల పుస్తకం చూడగానే ‘ఇంకా చందమామ వయసులోనే ఉండిపోయింది’ అనుకుంటాం. ఆ పిల్ల చదివేది వేరే సరుకు.

ఇక్కడ కూడా పాతికేళ్ళ కిందట పిల్లలకి ఈ తరహా పుస్తకాలు పెద్దగా లేవు. స్కొలాస్టిక్ ప్రచురణ సంస్థ 2005లో బొమ్మల నవలల కోసమే గ్రాఫిక్స్ పేరుతో ఒక శాఖ పెట్టింది. ఆ తరవాత ‘స్మైల్’ వచ్చింది. 2015లో ‘ఎల్ డెఫో’కి, 2016లో ‘రోలర్ గర్ల్’కి, పిల్లల పుస్తకాలకి ఇచ్చే న్యూబెరీ ఆనర్ దక్కింది. 2020లో జెర్రీ క్రాఫ్ట్ ‘న్యూ కిడ్’కి ఏకంగా న్యూబెరీ పతకమే వచ్చింది. 1922 నుంచి ఇస్తున్న ఆ పతకం ఒక గ్రాఫిక్ నవలకి రావడం అదే మొదలు. ‘అసలు పుస్తకం చదవడం లేదు’ అని బెంగపెట్టుకున్న తల్లిదండ్రులకి నేను ఈ సంగతి చెప్తాను. అయితే పతకాల వల్ల కాదు ఇవి మంచివయ్యింది.

పుస్తకాల విషయానికొస్తే, జాబితా ఇచ్చి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం ఉండదు. పిల్లకి ఏం జరుగుతోందో దాన్ని బట్టి ఇవ్వాలి.

పదేపదే ‘స్మైల్’ చదివే పిల్లకి నేను మొదట ఇచ్చేది అదే రచయిత్రి ‘గట్స్’, 2019లో వచ్చింది. ‘స్మైల్’ కంటే ముందరి రోజుల కథ. నాలుగు, ఐదు తరగతుల రైనాకి తరచూ కడుపులో నొప్పి, వాంతి అవుతుందేమోనని భయం. అది ముదిరి తిండి దగ్గరా స్కూల్ దగ్గరా అడ్డం పడుతుంది. చివరికి ఒక థెరపిస్టు దగ్గర కూర్చుని మెల్లగా మాట్లాడటం నేర్చుకుంటుంది. మన ఇళ్ళలో ఈ పుస్తకం తప్పకుండా ఉండాలని నా అభిప్రాయం. సోమవారం పొద్దున కడుపునొప్పి అంటే మనకి వెంటనే వచ్చే మాట ‘స్కూలెగ్గొట్టడానికి నాటకాలు’. మా దగ్గర ఒక అమ్మాయి వారానికి రెండుసార్లు నర్సు గదికి వెళ్ళేది, అక్కణ్ణించి లైబ్రరీకి పంపేవారు. ‘గట్స్’ చదివాక ఆ పుస్తకాన్నే తీసుకెళ్ళి వాళ్ళమ్మకి చూపించి, ‘నాది ఇది’ అందట. మూడు నెలలుగా చెప్పలేకపోయిన సంగతి ఆ పేజీ చెప్పింది.

స్నేహాల దగ్గర నలుగుతున్న పిల్లకి షానన్ హేల్ రాసి, లె ఊయెన్ ఫామ్ బొమ్మలు వేసిన ‘రియల్ ఫ్రెండ్స్’ ఇవ్వండి. 2017లో వచ్చింది, ఇదీ స్వీయకథే. అమ్మాయిల గుంపులో ఒక నాయకురాలు, ఆ నాయకురాలికి ఎవరు ఎంత ఇష్టమో దాన్ని బట్టి వరసలో స్థానాలు. ఇంట్లో ఒక అక్క, ఆ అక్క కోపం. దీని గొప్పతనమేంటంటే రచయిత్రి తనని తాను నిర్దోషిగా చూపించుకోలేదు. తనూ ఇంకొకరిని నొప్పించిన సంఘటనలు దాచకుండా పెట్టింది. పదకొండేళ్ళ పిల్లలు ‘వాళ్ళు చెడ్డవాళ్ళు, నేను మంచిదాన్ని’ దగ్గర ఆగిపోతారు. ఇది అక్కడ ఆగనివ్వదు. ఐదో తరగతి వాళ్ళకీ ఇవ్వొచ్చు.

ప్రాణస్నేహితురాలికి వేరే ఇష్టాలు వచ్చి మెల్లగా దూరమవుతుంటే, విక్టోరియా జేమీసన్ ‘రోలర్ గర్ల్’. పోర్ట్‌లాండ్‌లో పన్నెండేళ్ళ ఆస్ట్రిడ్ రోలర్ డెర్బీ అనే ఆట చూసి పడిపోతుంది. చక్రాల బూట్లేసుకుని ఒకర్నొకరు తోసుకుంటూ తిరిగే ఆట. స్నేహితురాలు నికోల్ మాత్రం డాన్సు క్యాంపుకి వెళ్తుంది. ఎవరూ ఎవరికీ ద్రోహం చేయరు, అయినా స్నేహం సన్నబడుతుంది. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదని చెప్పే పుస్తకాలు ఈ వయసుకి చాలా అవసరం. ఆస్ట్రిడ్ ఆటలో మొదటి రోజు నుంచీ చివరి దాకా పడుతూనే ఉంటుంది. రాత్రికి రాత్రి చాంపియన్ అయిపోదు. మన పిల్లలకి, స్పెల్లింగ్ బీలూ లెక్కల పోటీలూ చూసి పెరిగేవాళ్ళకి, ఏ ర్యాంకూ రాకపోయినా ఒక పనిని ఇష్టపడొచ్చన్న సంగతి ఇందులో దొరుకుతుంది.

‘ఎల్ డెఫో’ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, బొమ్మల నవల మాత్రమే చేయగలిగిన పని అందులో ఉంది గనక. దీని రచయిత్రి సీసీ బెల్‌కి నాలుగేళ్ళ వయసులో మెనింజైటిస్ వచ్చి వినికిడి పోయింది. స్కూల్లో ఛాతీ మీద ఫోనిక్ ఇయర్ అనే పెద్ద మిషన్ కట్టుకునేది. టీచరు మెడలో దాని మైకు. టీచరు దాన్ని తీయడం మర్చిపోయి బాత్రూముకి వెళ్ళినా ఈ పిల్లకి అక్కడి చప్పుడు వినబడేది! సిగ్గుపడే మిషన్ కాస్తా మహిమైపోతుంది. కథలో అందరూ కుందేళ్ళు, పెద్ద పెద్ద చెవులతో. చెవులు అంత పెద్దవైన లోకంలో ఒక్క పిల్లకే వినబడకపోతే ఎలా ఉంటుందో చూడగానే తెలుస్తుంది. అసలు విద్య మాటల బుడగల్లో ఉంది. మిషన్ బ్యాటరీ అయిపోతుంటే బుడగలో అక్షరాల రంగు వెలిసిపోతుంది. వినబడనప్పుడు బుడగ ఖాళీ. సరిగా వినబడనప్పుడు అర్థం లేని అక్షరాలు. వినికిడి లేకపోవడాన్ని కళ్ళతో వినిపించారు. మా స్కూల్లో చెవి మిషన్‌ని జుట్టు కింద దాచుకునే అబ్బాయి ఒకడు ఈ పుస్తకాన్ని ఏడాదంతా బ్యాగులో పెట్టుకుని తిరిగాడు. వాడిచేత ఫైను కట్టించలేదు, ఇంకో కాపీ కొన్నాం.

మన పిల్లలకి అద్దంలా ఉండేది ‘న్యూ కిడ్’. న్యూయార్క్ వాషింగ్టన్ హైట్స్‌లో ఉండే జోర్డన్ బ్యాంక్స్ బొమ్మలేసే నల్లజాతి పిల్లాడు, ఆర్ట్ స్కూలుకి వెళ్ళాలని కోరిక. తల్లిదండ్రులు పేరున్న ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతికి చేరుస్తారు. అక్కడ నల్లజాతి పిల్లలు వేళ్ళమీద లెక్కపెట్టేటంతమంది. ఒక టీచరు డ్రూ అనే పిల్లాణ్ణి ప్రతిసారీ ఇంకో పేరుతో పిలుస్తుంది. పొద్దున బస్సెక్కినప్పుడు ఒకలా ఉండే జోర్డన్, పేటలు మారేకొద్దీ కూర్చునే తీరు మార్చుకుంటూ వెళ్తాడు. ఈ రెండూ మన పిల్లలకి కొత్త కాదు. తరగతిలో ఇద్దరు తెలుగు పిల్లలుంటే ఒకరి పేరుతో ఇంకొకరిని పిలవడం, మూడక్షరాల పేరుని రెండుకి కుదించుకోవడం, ఇంట్లో ఒక యాస, బస్సులో ఇంకో యాస. మన పిల్లలు ఇది ఇంట్లో చెప్పరు, చెప్పేటంత పెద్ద సంగతని వాళ్ళకే అనిపించదు. జోర్డన్ తన స్కెచ్ పుస్తకంలో నలుపు తెలుపుల్లో వేసుకునే పేజీలు ఆ ‘చెప్పేటంత పెద్దది కాని’ సంగతులే. 2021లో టెక్సస్‌లోని కేటీ స్కూల్ డిస్ట్రిక్ట్ అభ్యంతరాలొచ్చాయని ఈ పుస్తకాన్ని అరల నుంచి తీసి, పరిశీలించాక మళ్ళీ పెట్టింది. చదివి చూస్తే ఇందులో ఎవరినీ తక్కువ చేసిన మాట నాకు కనబడలేదు.

ఆసియా కుటుంబాల వాసన కావాలంటే జెన్ వాంగ్ ‘స్టార్‌గేజింగ్’. క్రిస్టీన్ బుద్ధిమంతురాలు, వయొలిన్, మార్కులు, వారాంతంలో చైనీస్ తరగతి. మూన్ నోటికొచ్చింది మాట్లాడే పిల్ల, తల్లితో పక్క ఇంటికొస్తుంది. క్రిస్టీన్‌కి మూన్ అంటే ప్రాణం, మూన్ అంటే అసూయ కూడా. ‘పక్కింటమ్మాయిని చూడు’ అని పోల్చి పెంచిన ప్రతి ఇంట్లో ఉండే కథ. కాకపోతే ఇక్కడ పోలిక భారం మోసేది బుద్ధిమంతురాలు. మధ్యలో మూన్‌కి పెద్ద జబ్బు చేస్తుంది, మెదడుకి సంబంధించినది. ఆస్పత్రి భాగం ఉందని ముందే తెలిసి ఇవ్వండి. భారతీయ పిల్ల కావాలని అడిగేవాళ్ళకి నిధి చనానీ ‘పష్మీనా’ ఉంది. అమ్మ ఇండియా గురించి నోరు విప్పదు, ఎందుకో కూతురికి తెలియాలి. అందులో శాలువా కప్పుకుంటే రంగుల లోకం కనబడే మాయ ఉంది కాబట్టి పూర్తి వాస్తవ కథ అనలేం.

ఇంట్లో ఎవరూ మాట్లాడని సంగతి ఏదైనా ఉంటే, జెన్నిఫర్ హోమ్, మాథ్యూ హోమ్ అక్కాతమ్ముళ్ళు చేసిన ‘సన్నీ సైడ్ అప్’. 1976 వేసవిలో పదేళ్ళ సన్నీని ఉన్నట్టుండి ఫ్లోరిడాలో తాతయ్య దగ్గరికి పంపేస్తారు. ఎందుకు పంపారో కొంచెం కొంచెంగా తెలుస్తుంది: అన్న మత్తుకి అలవాటు పడ్డాడు. ఆ పిల్ల తనవల్లే ఇదంతా జరిగిందనుకుంటూ ఉంటుంది. ఇంత బరువైన సంగతిని ముసలివాళ్ళ కాలనీలో సరదాగా నడిపించారు. మనం ‘పిల్లలకెందుకులే’ అని మూసే తలుపులకి ఇవతల పిల్లలు ఏం ఊహించుకుంటారో పెద్దలు చదవాల్సిన పుస్తకం.

అమ్మాయిల శరీరం విషయం. మన దగ్గర పిల్ల పెద్దమనిషయితే ఊరంతా పిలిచి ఓణీల ఫంక్షన్ చేస్తాం, వీడియో తీయిస్తాం. ఆ పిల్లని కూర్చోబెట్టి ఏం జరిగిందో విడమర్చి చెప్పేవాళ్ళు ఎంతమంది? లిలీ విలియమ్స్, కారెన్ ష్నీమన్ చేసిన ‘గో విత్ ద ఫ్లో’ 2020లో వచ్చింది. నలుగురు స్నేహితురాళ్ళు, స్కూల్ బాత్రూముల్లో ప్యాడ్ల డబ్బా ఎప్పుడూ ఖాళీ, దానిమీద వాళ్ళ పోరాటం. పిల్లలు హైస్కూలు వాళ్ళే అయినా ఏడో తరగతి నుంచి నిక్షేపంగా చదవొచ్చు. అబ్బాయిలకీ ఇవ్వండి.

అబ్బాయిలున్న తల్లిదండ్రులు చాలామంది ‘ఇవన్నీ ఆడపిల్లల పుస్తకాలు’ అంటారు. నా అనుభవంలో ‘స్మైల్’ని అబ్బాయిలు కూడా బాగానే తీసుకెళ్తారు, వేరే పెద్ద పుస్తకం కింద పెట్టి. అలా దాచుకునే అవసరం లేకుండా ఇవ్వాలంటే పేద్రో మార్టీన్ ‘మెక్సికిడ్’ ఉంది. తొమ్మిదిమంది పిల్లల ఇంట్లో పుట్టినవాడు, 1970ల్లో కుటుంబమంతా బండి కట్టుకుని కాలిఫోర్నియా నుంచి మెక్సికోకి వెళ్ళి తాతని తెచ్చుకున్న ప్రయాణం. భాష సగమే వచ్చిన మనవడు, తాతని అర్థం చేసుకోవడానికి పడే పాట్లు. వేసవికి గుంటూరో కరీంనగరో వెళ్ళి తాత ముందు మాటల కోసం తడుముకునే మన పిల్లలకి ఇది గుండెకి తగులుతుంది. పదమూడు దాటినవాళ్ళకైతే డాన్ సంటాట్ ‘ఎ ఫస్ట్ టైమ్ ఫర్ ఎవ్రీథింగ్’. స్కూల్లో అవమానాలు తిన్న కుర్రాడు 1989లో యూరప్ స్కూల్ ట్రిప్‌కి వెళ్ళి మొదటిసారి దారి తప్పుతాడు, మొదటిసారి ప్రేమలో పడతాడు. 2023లో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది.

‘వెన్ స్టార్స్ ఆర్ స్కాటర్డ్’ని నేను వేరుగా పెడతాను. ‘రోలర్ గర్ల్’ గీసిన జేమీసనే, ఒమర్ మొహమ్మద్ చెప్పిన అతని సొంత కథకి బొమ్మలు వేశారు. సోమాలియా యుద్ధంలో అమ్మానాన్నలకి దూరమైన ఒమర్, మాటలు రాని తమ్ముడు హసన్‌తో కెన్యాలోని దదాబ్ శరణార్థి శిబిరంలో పెరుగుతాడు. హసన్ అనే ఒకే ఒక్క మాట ‘హూయో’, అంటే అమ్మ. ఒమర్ బడికి వెళ్ళాలంటే తమ్ముణ్ణి వదిలి వెళ్ళాలి. ఎదగడమంటే ఎదురుచూడటమే అయిన పిల్లల కథ. ఇచ్చాక ఆ రాత్రి పిల్ల పక్కనే ఉండండి, ప్రశ్నలొస్తాయి.

కొన్నిటికి తొందరపడకండి. జీన్ లుయెన్ యాంగ్ ‘అమెరికన్ బార్న్ చైనీస్’ గొప్ప పుస్తకం, టీనేజి పిల్లల పుస్తకాలకి ఇచ్చే ప్రింట్జ్ అవార్డు 2007లో అందుకున్న మొదటి గ్రాఫిక్ నవల. అందులో చైనావాళ్ళని వెక్కిరించే ఒక వికారమైన పాత్ర కావాలని పెట్టారు, ఆ వెక్కిరింతని బయటపెట్టడానికే. ముందు చెప్పకుండా ఆరో తరగతి పిల్లకిస్తే దాన్ని హాస్యమనుకునే ప్రమాదం ఉంది. ఎనిమిదిలో ఇవ్వండి, ఆ పాత్ర గురించి ముందే మాట్లాడి. జారెట్ క్రొసోచ్కా ‘హే కిడ్డో’ తల్లి హెరాయిన్ వ్యసనం కథ, అమ్మమ్మా తాతయ్యా పెంచిన పిల్లాడిది. అదీ ఎనిమిది చివర, లేదా హైస్కూల్లో. రైనా టెల్గెమైయర్ ‘డ్రామా’లో అబ్బాయిని ఇష్టపడే అబ్బాయి ఉన్నాడని చాలా చోట్ల అభ్యంతరాలొచ్చాయి. నా వరకు అది నాటకం వేసే పిల్లల ముచ్చటైన పుస్తకం, ఆరో తరగతి నుంచే ఇస్తాను. మీ పిల్ల విషయం మీరు నిర్ణయించుకోండి, కాకపోతే చదివాక. ఇవి గంటా గంటన్నరలో అయిపోతాయి. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఒక్క పేజీ ఫొటో చూసి తేల్చకండి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. బొమ్మల నవలలు మూడువందల పేజీల అక్షరాల నవలకి కావలసిన ఓపికని పూర్తిగా ఇవ్వలేవు, ఆ కండ వేరు. దానికోసం ‘ఒక బొమ్మల పుస్తకానికి ఒక అసలు పుస్తకం’ అని బేరం పెట్టొద్దు. అలా పెట్టిన ఇళ్ళలో పిల్లలు రెండూ మానేయడం చూశాను. బదులుగా రాత్రి పావుగంట మీరు చదివి వినిపించండి. తెలుగులో చదవండి. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’, నామిని ‘సినబ్బ కథలు’ తీసుకోండి. పెద్దయిన మనిషి తన చిన్నతనాన్ని, దానిలోని బీదరికాన్నీ సిగ్గునీ అల్లరినీ దాచకుండా చెప్పడమే కదా ‘స్మైల్’ కూడా. యాస అర్థంకాక పిల్ల ఆపి అడుగుతుంది, మీరు మీ ఊరి సంగతి చెప్తారు. ఒకటి రెండు మాటలు పిల్లలకి తగవనిపిస్తే చదివేటప్పుడు దాటేయొచ్చు, వినిపించడంలో ఉన్న సౌకర్యం అది.

మన దేశం నుంచి ఈ కోవకి దగ్గరగా వచ్చేది 2011లో నవయాన ప్రచురణ సంస్థ వేసిన ‘భీమాయన’. అంబేడ్కర్ జీవితం, అందులో బడిలో దాహమేసినా నీళ్ళ దగ్గరికి వెళ్ళనివ్వని పదేళ్ళ పిల్లాడి భాగం మా ఎనిమిదో తరగతివాళ్ళు నోరెత్తకుండా చదివారు. గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గళ్ళు గీయలేదు. కథని డబ్బాల్లో బంధించలేదు. మెత్తటి మాటల బుడగ పక్షిలా ఉంటుంది, విషం కక్కే మాటల బుడగకి తేలుకొండి ఉంటుంది. ‘ఎల్ డెఫో’ బుడగలు గుర్తున్న పిల్లలు ఇది చూడగానే పట్టేస్తారు.

పిల్లతో మాట్లాడటం గురించి. ‘ఏం నేర్చుకున్నావు?’ అని అడగకండి. ఆ ప్రశ్నతో పుస్తకం పరీక్ష పేపరైపోతుంది. మాటల్లేని ఒక పేజీ దగ్గర ఆగి, ‘ఇక్కడ ఈ పిల్లకి ఏమైంది? నాకు అర్థం కాలేదు’ అనండి. తను వివరిస్తుంది. పాత్ర గురించి చెప్తున్నట్టే చెప్తూ తన స్కూలు గురించి చెప్పేస్తుంది. మీరు మధ్యలో ‘మీ క్లాసులో కూడా ఇలాగేనా’ అని దూకొద్దు. తనంతట తను వంతెన దాటేదాకా ఆగండి.

పుస్తకాలు కొనాల్సిన పనిలేదు. మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో హోల్డ్ పెట్టుకోండి, అంటే మీ పేరున ఆపి ఉంచమని చెప్పండి. చాలా లైబ్రరీలు వెన్ను మీద ‘జె’, ‘వైఏ’ అని చీటీ అంటిస్తాయి. ‘వైఏ’ ఉంటే కాస్త పెద్ద పిల్లలకన్నమాట, అలాంటిది మీరు ముందు తిరగేయండి. ఫోన్లో మాత్రం చదివించకండి. పేజీ మొత్తం ఒకేసారి కంటికి కనబడాలి, ఫోన్లో ఒక్కో గడే కనబడుతుంది, ఆ తెల్లటి సందులు మాయమైపోతాయి. ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవాళ్ళు స్కొలాస్టిక్ పుస్తకాల కోసం మీ పిల్లల స్కూల్ లైబ్రరీలోనే ముందు అడగండి.

మీ అమ్మాయికి నా వరస ఇది: ముందు ‘గట్స్’, దానికి క్యూ పొడుగ్గా ఉంటే ‘స్టార్‌గేజింగ్’, ఆ తరవాత ‘న్యూ కిడ్’. వాటికి హోల్డ్ పెట్టి వచ్చేలోపు, ఈ శనివారం ఆ పదకొండుసార్లు నలిగిన ‘స్మైల్’ని తన దగ్గర అడిగి తీసుకుని మీరు చదవండి. చదివాక ఆ స్నేహితురాళ్ళలో మీకు ఎవరిమీద ఎక్కువ కోపం వచ్చిందో చెప్పండి. తను ఎవరి పేరు చెప్తుందో వినండి.